మోటోక్రాస్ క్వాడ్‌కి సస్పెన్షన్ అప్‌గ్రేడ్: వేల డాలర్లు పెట్టే ముందు ఏది కొనాలి, ఏది ఆగాలి?

ఏటీవీ అనగానే మన దగ్గర చాలామందికి గుర్తొచ్చేది రిసార్టుల్లో, బీచ్‌ల దగ్గర రౌండుకి ఇంత అని అద్దెకిచ్చే నాలుగు చక్రాల బండి. ఈ ఆర్టికల్ దాని గురించి కాదు. అమెరికాలో స్పోర్ట్ క్వాడ్ అనే జాతి వేరే ఉంది. 450 సీసీ సింగిల్ సిలిండర్ రేస్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, వెనుక చక్రాలకి మాత్రమే పవర్, ఒక్కరికే సీటు. మోటోక్రాస్ బైకులు దూకే మట్టి ట్రాకుల మీదే వీటికీ రేసులు పెడతారు. అక్కడి నేషనల్ సిరీస్‌లో అందరూ ఎదురుచూసే రౌండ్ టెనెసీలోని లొరెట్టా లిన్ రాంచ్‌లో జరుగుతుంది.

మీలో ఎవరైనా అక్కడ ఉంటూ సెకండ్ హ్యాండ్ క్వాడ్ ఒకటి కొని ట్రాక్ దాకా తీసుకెళ్లే ఆలోచనలో ఉంటే ఇది నేరుగా పనికొస్తుంది. లేకపోయినా చదవండి. స్ప్రింగు, డ్యాంపింగ్, సాగ్ అనే మాటలు మీ ఇంటి ముందున్న బైకుకీ వర్తిస్తాయి.

సస్పెన్షన్ మీదే ఎందుకింత గొడవ? ఎందుకంటే క్వాడ్ మీద సగటు రైడర్‌ని ఆపేది ఇంజిన్ కాదు. 450 సీసీలో ఉన్న పవర్ కొత్తవాళ్లకి ఎలాగూ ఎక్కువే. నాలుగో ల్యాప్‌లో ముంజేతులు బిగుసుకుపోయి బ్రేక్ లివర్ నొక్కలేకపోవడం, జంప్ అంచు దగ్గర వెనుక భాగం ఎగిరి హ్యాండిల్ మీదుగా ముందుకు పడటం, మలుపులో లోపలి చక్రం లేచి బండి బోల్తా పడటం, ఇవి ఆపుతాయి. బైకు పడితే పక్కకి పడుతుంది. 180 కిలోల క్వాడ్ బోల్తా పడితే మీద పడుతుంది. ఇక్కడ సెటప్ తప్పితే పోయేది ల్యాప్ టైమ్ ఒక్కటే కాదు.

ముందు మన దగ్గర ఏముందో చూద్దాం

ఉదాహరణకి యమహా వైఎఫ్‌జెడ్450ఆర్ తీసుకుందాం. 2009 మోడల్‌గా ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చింది. హోండా, సుజుకి, కవాసకి తమ 450 రేస్ క్వాడ్‌లు ఆపేసిన తర్వాత కూడా యమహా దీన్ని అమ్ముతూనే ఉంది. అందుకే కొత్త రైడర్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. స్పెక్ షీట్ ప్రకారం వెడల్పు 48.8 అంగుళాలు, ముందు చక్రాల ట్రావెల్ 9.8 అంగుళాలు, వెనుక 11 అంగుళాలు. షాక్‌లు కేవైబీ కంపెనీవి. ప్రీలోడ్, రీబౌండ్, లో స్పీడ్ కంప్రెషన్, హై స్పీడ్ కంప్రెషన్ అన్నీ తిప్పుకోవచ్చు.

అంటే కాగితం మీద ఇది పేద సస్పెన్షన్ కాదు. అయినా నేషనల్ స్థాయి రేసర్ల బండ్ల మీద ఫ్యాక్టరీ షాక్‌లు కనిపించవు. చాడ్ వీనెన్ చాలా టైటిల్స్ గెలిచింది ఈ యమహా మీదే. జోయెల్ హెట్రిక్ అయితే కంపెనీ తయారీ ఆపేసిన హోండా టీఆర్ఎక్స్450ఆర్ మీద ఛాంపియన్ అయ్యాడు. ఇద్దరి బండ్లలోనూ చాసిస్ కంపెనీదే, కింద ఉన్న ఆర్మ్‌లు, షాక్‌లు మాత్రం వేరే. బండి పాతదైనా సస్పెన్షన్ సరిగ్గా ఉంటే గెలవొచ్చని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇది చూసి చాలామంది ‘వాళ్లు వేసిందే నేనూ వేస్తే సరి’ అనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ప్రో రైడర్ షాక్ అతని బరువుకి, అతని వేగానికి, 80 అడుగులు ఎగిరి దిగే దెబ్బకి ట్యూన్ చేసింది. అదే షాక్ వీకెండ్ రైడర్ కింద రాయిలా ఉంటుంది.

క్వాడ్ బైకు కాదు, కారూ కాదు

ముందు వైపు క్వాడ్ కారులాంటిదే. ఒక్కో చక్రానికి పైనొకటి, కిందొకటి ఏ-ఆర్మ్‌లు, మధ్యలో ఒక షాక్. కుడి చక్రం గతుకులో పడితే ఎడమ చక్రానికి సంబంధం ఉండదు.

వెనుక కథ వేరు. అక్కడ ఒకే స్వింగ్ ఆర్మ్, ఒకే షాక్, రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇనుప యాక్సిల్. డిఫరెన్షియల్ లేదు. స్వింగ్ ఆర్మ్ బైకులో లాగా పైకీ కిందకీ కదులుతుంది కానీ పక్కలకి ఒరగదు. కాబట్టి వెనుక ఒక్క చక్రమే గట్టు ఎక్కితే, దాన్ని మింగాల్సిన పని షాక్ ఒక్కటే చేయలేదు. టైరు కొంత నొక్కుకుంటుంది, మిగతాదానికి బండి మొత్తం పక్కకి ఒరుగుతుంది. క్వాడ్ నడిపేవాళ్లు గతుకుల్లో నడుమును కుడికీ ఎడమకీ ఊపుతూ కనిపించేది ఇందుకే. ఎంత ఖరీదైన వెనుక షాక్ వేసినా ఈ గుణం పోదు. తగ్గించేది మాత్రం ఉంది: టైరు గాలి. కారుకి 30 పీఎస్ఐ పైన కొడతాం, క్వాడ్ టైర్లలో ఉండేది ఒక అంకె పీఎస్ఐ మాత్రమే. అక్కడ 1 పీఎస్ఐ తేడా అంటే చాలా పెద్ద తేడా. మంచి గేజ్ ఒకటి కొనండి. మీరు పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే చవకైన సస్పెన్షన్ అప్‌గ్రేడ్ అదే.

సాగ్ కొలవకుండా ఒక్క డాలర్ కూడా ఖర్చు పెట్టొద్దు

సాగ్ అంటే మీరు ఎక్కగానే బండి ఎంత కిందకి కూర్చుంటుందో ఆ కొలత. చక్రం గుంటలోకి దిగాలన్నా కిందకి సాగడానికి కొంత చోటు ఉండాలి కదా, ఆ చోటు ఇదే. మొత్తం ట్రావెల్‌లో మూడో వంతు అన్నది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క. పైన చెప్పిన యమహాకి ముందు 249 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉంది, అంటే సాగ్ సుమారు 83. వెనుక 279, అంటే సుమారు 93. షాక్ కంపెనీ సొంతగా షీట్ ఇస్తే దాన్నే పాటించండి.

కొలిచే పద్ధతి: బండిని స్టాండ్ మీదకి ఎత్తి చక్రాలు పూర్తిగా వేలాడేలా చేయండి. యాక్సిల్ మధ్య నుంచి దానికి నేరుగా పైనున్న ఒక బిందువుకి టేపు పెట్టి రాసుకోండి. తర్వాత కిందకి దించి హెల్మెట్, బూట్లు, చెస్ట్ ప్రొటెక్టర్ అన్నీ వేసుకుని ట్రాక్ మీద నిలబడినట్టే ఫుట్‌పెగ్‌ల మీద నిలబడండి. ఫ్రెండ్‌ని అవే బిందువుల మధ్య మళ్లీ కొలవమనండి. రెండింటి తేడానే సాగ్.

ఇక్కడ బైకుల వాళ్లకి తెలియని ఒక కిటుకు ఉంది. క్వాడ్ ముందు భాగం కిందకి దిగుతుంటే రెండు చక్రాలు కొంచెం పక్కకి జరగాలి. నిలబెట్టిన చోట సిమెంటు నేల టైర్లని పట్టుకుంటే అవి జరగవు, బండి పైనే ఆగిపోతుంది, కొలత తప్పొస్తుంది. కాబట్టి మీరు ఎక్కాక రెండు మూడుసార్లు ఊగి, బండిని నాలుగడుగులు ముందుకి తోయించి, ఆ తర్వాత కొలవాలి. టైర్ల కింద రెండేసి ప్లాస్టిక్ షీట్లు వేసినా సరిపోతుంది.

కొలత తేడా ఉంటే షాక్ మీదున్న మరతో ప్రీలోడ్ మార్చి సరిచేస్తాం. చాలామంది ‘మర బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది’ అంటారు. అలా జరగదు. స్ప్రింగు గట్టితనం దాని తీగ మందంలో, చుట్ల సంఖ్యలో, చుట్టు వెడల్పులో ఉంటుంది. మర బిగిస్తే బండి ఎత్తు పెరుగుతుంది, అంతే.

మీ బరువుకి ఆ స్ప్రింగు సరైనదేనా అని తెలుసుకోవడానికి రెండో కొలత తీయండి. మీరు దిగిపోయి, బండి తన బరువు మీదే ఎంత కూర్చుందో చూడండి. మీతో కలిపి సాగ్ సరిగ్గా వచ్చినా, మీరు దిగాక బండి అసలు కూర్చోకుండా పూర్తిగా పైకి లేచి ఉంటే, స్ప్రింగు మీకు మెత్తన. మర బాగా బిగించి ఎత్తు తెచ్చారన్నమాట. దీనికి తిరగేసి, మీరు ఎక్కకుండానే చాలా కూర్చుంటే స్ప్రింగు గట్టిది. జీరో ప్రీలోడ్ డిజైన్‌తో వచ్చే రేస్ షాక్‌లకి ఈ పరీక్ష కుదరదు. వాటిని ఖాళీగా ఉన్నప్పుడు కూడా బాగా కూర్చునేలాగే తయారు చేస్తారు.

క్లిక్కర్లు: మెగాపిక్సెల్స్‌లా లెక్కపెట్టొద్దు

ఫోన్ కెమెరాకి 200 మెగాపిక్సెల్ అని రాసి ఉంటే ఫోటో బాగుంటుందని గ్యారంటీ లేదు కదా. షాక్‌కి నాలుగు అడ్జస్టర్లు ఉన్నాయన్నది కూడా అలాంటిదే. లోపల ఆయిల్ దారిని ఆపే పల్చటి స్టీల్ బిళ్లల పేర్పు ఉంటుంది, దాన్నే వాల్వింగ్ అంటారు. అసలు స్వభావం అక్కడే నిర్ణయమైపోతుంది. బయటి క్లిక్కర్ దానికి చుట్టూ కొంచెం అటూ ఇటూ జరుపుతుంది.

లో స్పీడ్, హై స్పీడ్ అన్న మాటల దగ్గర దాదాపు ప్రతి బిగినర్ పొరబడతాడు. అది బండి వేగం కాదు, షాక్ రాడ్ లోపలికి దూసుకెళ్లే వేగం. మలుపులో ఒరగడం, బ్రేక్ వేస్తే ముక్కు దిగడం, జంప్ ఎక్కుతుంటే బరువు మీద పడటం, ఇవన్నీ లో స్పీడ్. బండి 80లో వెళ్తున్నా లో స్పీడే. మలుపుకి ముందు అంచులు తేలిన గతుకు తగలడం, ఎగిరి చదును నేల మీద పడటం హై స్పీడ్. నెమ్మదిగా వెళ్తూ రాయి ఎక్కినా హై స్పీడే.

రీబౌండ్ అంటే నొక్కుకున్న షాక్ తిరిగి తెరుచుకునే వేగం. బ్రేకింగ్ గతుకులు వరసగా వస్తున్నప్పుడు దీన్ని పసిగట్టే పద్ధతి ఒకటుంది. మొదటి గతుకు మెత్తగా దాటి, మూడోది, నాలుగోది గట్టిగా తగులుతుంటే రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉంది. షాక్ తెరుచుకునేలోపే ఇంకో దెబ్బ పడి, ప్రతిసారీ ఇంకాస్త కిందకి కూరుకుపోతోంది. రెండు క్లిక్కులు వదలండి. మొదటి గతుకు నుంచే అన్నీ ఒకేలా గట్టిగా ఉంటే అది కంప్రెషన్ సమస్య. జంప్ అంచు వదిలేటప్పుడు వెనుక భాగం తన్నినట్టు లేస్తుంటే ముందుగా అనుమానించాల్సింది వెనుక రీబౌండ్ మరీ వేగంగా ఉండటాన్ని. దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు. హ్యాండిల్ మీదుగా పడే రకం ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

ఒకసారికి ఒక్క అడ్జస్టరే తిప్పండి. పూర్తిగా బిగించిన చోటు నుంచి ఎన్ని క్లిక్కులు వదిలారో ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. అంతకంటే మంచి సెటప్ యాప్ ఇంకా రాలేదు.

మొదటి అసలు ఖర్చు: ఉన్న షాక్‌లకే రీస్ప్రింగ్, రీవాల్వ్

సాగ్ సరిచేశారు, క్లిక్కర్లు తిప్పారు, అయినా ప్రతి పెద్ద జంప్‌కీ అడుగంటుతోంది, లేదా గతుకుల్లో చేతులు పోతున్నాయి. ఇప్పుడు కూడా కొత్త షాక్‌ల వైపు పరిగెత్తొద్దు. మీ యమహాలో ఉన్న కేవైబీ షాక్‌ల బాడీ మంచిదే. మీ బరువుకి తగ్గ స్ప్రింగులు, కొత్త ఆయిల్, మళ్లీ పేర్చిన వాల్వింగ్ వేయిస్తే కొన్ని వందల డాలర్లలో బండి మారిపోతుంది. కొత్త ఆర్మ్‌లూ షాక్‌లూ కలిపి కొంటే లెక్క వేలల్లోకి వెళ్తుంది. మొదటి రెండు సీజన్ల రైడర్లకి నా ఓటు రీవాల్వ్‌కే. 60 కిలోల వాళ్లకి, 95 కిలోల వాళ్లకి అయితే ఇంకా గట్టిగా చెబుతాను. ఫ్యాక్టరీ సెట్టింగ్ మధ్యరకం బరువు కోసం చేసింది, ఈ ఇద్దరిలో ఎవరికీ కాదు.

ఈ పని ఇంట్లో వీడియో చూసి చేసేది కాదు. షాక్ రిజర్వాయర్‌లో నైట్రోజన్ ఒత్తిడితో నిండి ఉంటుంది. అది వదలకుండా విప్పితే మూత తూటాలా వస్తుంది. సస్పెన్షన్ షాపుకి పంపండి.

ఇంకో విషయం. వెనుక యాక్సిల్, స్ప్రాకెట్, డిస్క్, రెండు చక్రాలు కలిపి చాలా బరువు. ఆ బరువంతా ఒక్క షాకే ఆపాలి. అందుకే వెనుక షాక్ ఆయిల్ ముందు పాడవుతుంది. రేసు మొదట్లో బాగుండి చివరి ల్యాపుల్లో బండి పడవలా ఊగుతోందంటే ఆయిల్ వేడెక్కి పల్చబడిందని అర్థం. రేసులాడేవాళ్లు సీజన్‌కి ఒక్కసారైనా మార్పించాలి.

ఏ-ఆర్మ్‌లు: వెడల్పు ఎంత కావాలి?

క్వాడ్ మోటోక్రాస్‌లో అందరూ గురిపెట్టే వెడల్పు 50 అంగుళాలు. రేసు నిబంధన హద్దు కూడా అదే. వెడల్పు ఎందుకంటే, మలుపులో లోపలి చక్రం మీది బరువు బయటి చక్రానికి మారుతుంది. ఎంత మారుతుందన్నది బరువు కేంద్రం ఎత్తుని వెడల్పుతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 46 అంగుళాల బండిని 50 చేస్తే ఆ మార్పిడి సుమారు 8 శాతం తగ్గుతుంది. బండిని ఒక అంగుళం కిందకి దించినా అదే దిశలో లాభం.

ఇప్పుడు మన యమహా చూడండి. ఇప్పటికే 48.8. ఒక్కో వైపు 1 అంగుళం పొడవైన ఆర్మ్‌లు వేస్తే 50.8 అవుతుంది, హద్దు దాటేసింది. అందుకని ఆర్డర్ ఇచ్చే ముందు మీ రిమ్‌ల ఆఫ్‌సెట్ ఎంతో చెప్పి, మొత్తం వెడల్పు ఎంతొస్తుందో అడగాలి. పాత హోండా లాంటి సన్నటి బండికి ఉన్నంత అవసరం దీనికి లేదు. ఇంకా, మీరు ట్రాక్‌తో పాటు అడవి దారుల్లో కూడా తిరిగేవాళ్లయితే 50 అంగుళాలు శాపం. చెట్ల మధ్య పట్టదు. యమహా 2010లో ఇదే బండిని 46.1 అంగుళాలకి తగ్గించి ఎక్స్ అనే వెర్షన్ తెచ్చింది కూడా అందుకే.

వెడల్పు పెంచడానికి చవక దారి కూడా ఉంది: చక్రానికి స్పేసర్, లేదా ఆఫ్‌సెట్ మారిన రిమ్. వెనుక ఇది మామూలే, ముందు మాత్రం ఆలోచించాలి. టైరు మధ్య గీత స్టీరింగ్ తిరిగే ఇరుసుకి దూరం జరిగిన కొద్దీ ప్రతి రాయీ హ్యాండిల్‌ని చేతుల్లోంచి లాగేస్తుంది. డబ్బు మిగిలింది, ముంజేతులు పోయాయి.

ఆర్మ్ పొడవు పెంచితే ఇంకో మార్పు కూడా జరుగుతుంది, అమ్మేవాళ్లు దీన్ని ఎక్కువగా చెప్పరు. ఉదాహరణకి ఆర్మ్ ఇరుసు నుంచి చక్రం 400 మిల్లీమీటర్ల దూరంలో, షాక్ బిగించిన చోటు 200 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చక్రం 10 కదిలితే షాక్ 5 కదులుతుంది, నిష్పత్తి 0.5. చక్రం దగ్గర మనకి తెలిసే గట్టితనం స్ప్రింగు గట్టితనాన్ని ఈ నిష్పత్తి వర్గంతో గుణిస్తే వస్తుంది, అంటే నాలుగో వంతు. ఇప్పుడు షాక్ అక్కడే ఉంచి చక్రాన్ని 25 మిల్లీమీటర్లు బయటికి జరిపితే నిష్పత్తి 0.47 అవుతుంది. వర్గం చేస్తే 0.22. అదే స్ప్రింగు చక్రం దగ్గర సుమారు 11 శాతం మెత్తబడింది! అందుకే ఆర్మ్‌లు ఒక్కటే మార్చి పాత షాక్‌లు ఉంచేస్తే బండి ముక్కు దించుకుని నడుస్తుంది. ఆర్మ్‌లూ స్ప్రింగులూ ఒకే నిర్ణయంగా తీసుకోవాలి.

ఆర్మ్‌లతో పాటు పొడవైన టై రాడ్‌లు, బ్రేక్ లైన్లు కూడా కావాలి. బడ్జెట్‌లో వేసుకోండి. టై రాడ్ ఊగే వంపు, ఆర్మ్ ఊగే వంపు కలవకపోతే గతుకు తగిలిన ప్రతిసారీ చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. దీన్నే బంప్ స్టీర్ అంటారు. పేరున్న కంపెనీ సెట్‌లో ఈ లెక్క చేసి ఇస్తారు. ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికే పేరులేని ఆర్మ్‌లలో చేస్తారన్న నమ్మకం లేదు. వెల్డింగ్ సంగతి సరేసరి. 30 అడుగులు ఎగిరి దిగేటప్పుడు విరగకూడని భాగం ఏదంటే నేను చూపించేది కింది ఏ-ఆర్మే.

లాంగ్ ట్రావెల్ అంటే ఎక్కువ ట్రావెలేనా?

పేరు అలాగే ఉంది కానీ ముఖ్యమైన లాభం వేరే చోట ఉంది. లాంగ్ ట్రావెల్ ఆర్మ్‌లో షాక్ కింది చివరని ఆర్మ్ లోపలికి, కిందకి దించి బిగిస్తారు. దాంతో పొడవైన షాక్ పడుతుంది. పొడవైన షాక్ ఉంటే బండిని కిందకి కూర్చోబెట్టి కూడా చక్రం గుంటల్లోకి బాగా దిగేలా చేయొచ్చు. నేలకి దగ్గరగా ఉన్న బండి, నేలని వదలని చక్రం, రెండూ ఒకేసారి దొరుకుతాయి. మామూలు ఆర్మ్‌లతో వీటిలో ఒకటి వదులుకోవాలి.

ఈ షాక్‌ల మీద రెండు మూడు స్ప్రింగులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వరసగా పేర్చిన స్ప్రింగులు విడివిడిగా ఉన్నదానికంటే మెత్తగా పనిచేస్తాయి. మిల్లీమీటర్‌కి 20 న్యూటన్లది, 30 న్యూటన్లది కలిపితే 50 రాదు, 12 వస్తుంది. చిన్న గతుకులకి ఈ 12 మెత్తగా పనిచేస్తుంది. లోపలికి నొక్కుకుంటూ వెళ్లాక క్రాస్ఓవర్ రింగు మెత్తటి స్ప్రింగుని ఆపేస్తుంది, అక్కడి నుంచి 30 ఒక్కటే మోస్తుంది. ఆ రింగు ఎక్కడ తగలాలన్నదే ట్యూనింగ్. మరీ ముందుగా తగిలితే సగం ట్రావెల్‌లోనే గోడకి గుద్దినట్టుంటుంది.

ఎవరికి కావాలి? ప్రతి నెలా ట్రాక్ మీద ఉండి, ట్రిపుల్స్ దూకి, రీవాల్వ్ చేసిన స్టాక్ షాక్‌లని కూడా అడుగంటిస్తున్నవాళ్లకి. మిగతావాళ్లు ఆగొచ్చు. ఎల్కా, ఫాక్స్, పీఈపీ లాంటి కంపెనీలన్నీ ఈ మార్కెట్‌లో పేరున్నవే. వీటిలో ఏది గొప్ప అని ఫ్యాన్ వార్ చేసుకోవడం కంటే, మీరు వెళ్లే ట్రాక్‌కి రెండు మూడు గంటల దూరంలో ఏ కంపెనీ షాక్‌ని సర్వీస్ చేసే షాపు ఉందో చూడటం తెలివి. ఫోన్ కొనేటప్పుడు సర్వీస్ సెంటర్ చూస్తాం కదా, అదే లెక్క.

ఇనుప స్ప్రింగు బదులు గాలితో పనిచేసే షాక్‌లు కూడా దొరుకుతాయి. తేలిక, పంపు ఉంటే చాలు బరువుకి తగ్గట్టు మార్చుకోవచ్చు. మోటోక్రాస్‌కి మాత్రం నేను స్ప్రింగునే ఎంచుకుంటాను. లోపలి గాలి 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకి వేడెక్కితే ఒత్తిడి సుమారు 10 శాతం పెరుగుతుంది. మొదటి ల్యాప్ బండి, చివరి ల్యాప్ బండి ఒకటి కావు.

వెనుక: లింకేజ్ సంగతి

వెనుక షాక్‌ని స్వింగ్ ఆర్మ్‌కి కలిపే చిన్న లింకేజ్ వల్ల చక్రం పైకి వెళ్లే కొద్దీ షాక్ ఇంకా ఎక్కువ కదులుతుంది, చివర్లో గట్టిపడుతుంది. మార్కెట్‌లో దొరికే లింకేజ్ వెనుక భాగాన్ని దించుతుంది, ఈ వంపుని కూడా మారుస్తుంది. కాబట్టి దాన్ని వేస్తే షాక్ వాల్వింగ్ దానికి తగ్గట్టు మార్చాలి. ఒంటరిగా కొంటే డబ్బు వృథా. అంతకంటే ముందు ఉన్న లింకేజ్ బేరింగులు విప్పి చూడండి. వాడిన క్వాడ్‌లో నాలుగైదేళ్లుగా గ్రీజు చూడని, తుప్పు పట్టిన బేరింగు దొరికితే ఆశ్చర్యపోవద్దు. కొన్ని డాలర్ల బేరింగు కొత్త షాక్ చేసేంత మార్పు తెస్తుంది. వెనుక ఎత్తు మారితే చైన్ స్లాక్ కూడా మళ్లీ చూసుకోవాలి.

ముందు, వెనుక రెండూ కొనే డబ్బు లేకపోతే? ముందు షాక్‌లూ ఆర్మ్‌లూ కొత్తవి, వెనుక స్టాక్ షాక్‌కి రీవాల్వ్. ఇది చాలా మంది నడిపే కాంబినేషన్, నాకూ నచ్చినదే. తిరగేసి చేస్తే, అంటే వెనుక గొప్పది వేసి ముందు వదిలేస్తే, మలుపులో బండి ఎటు పోతుందో దానికే తెలియదు.

సెకండ్ హ్యాండ్ షాక్‌లు కొనొచ్చా?

కొనొచ్చు, కొన్ని అడిగాక. ఏ బండివి, ఏ కంపెనీ ఆర్మ్‌ల కోసం చేసినవి, పాత ఓనర్ బరువెంత, చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారు. లాంగ్ ట్రావెల్ షాక్ మామూలు ఆర్మ్‌కి పట్టదు. ఒక కంపెనీ ఆర్మ్ కోసం చేసిన షాక్ పొడవు ఇంకో కంపెనీ ఆర్మ్‌కి సరిపోకపోవచ్చు. రాడ్ మీద గోరు పెట్టి గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ గీత సీల్‌ని తినేస్తుంది. అంతా బాగున్నా మీ బరువుకి స్ప్రింగులు, సర్వీస్ ఖర్చు కలుపుకుని బేరమాడండి.

కొత్తవి ఆర్డర్ చేస్తే ఫారమ్‌లో బరువు గేర్‌తో కలిపి అడుగుతారు. హెల్మెట్, బూట్లు, ప్రొటెక్టర్ అన్నీ వేసుకుని నిజంగా వెయింగ్ మెషీన్ ఎక్కండి. ఏ క్లాసులో రైడ్ చేస్తారన్న ప్రశ్నకి కూడా ఉన్నదే రాయండి. బిగినర్ అయి ఉండి ఎక్స్‌పర్ట్ అని టిక్ పెడితే ఎక్స్‌పర్ట్‌కి తగ్గ గట్టి షాక్‌లే వస్తాయి, చేతులు మాత్రం బిగినర్‌వే.

బిగించాక మొదటి రోజు రేసు పెట్టుకోకండి. సాగ్ మళ్లీ కొలవండి. ఎత్తు మారితే ముందు చక్రాల టో కూడా మారుతుంది కాబట్టి మీరు బండి మీద నిలబడి ఉండగానే టో సరిచేయించండి. ట్రాక్‌ని సగం వేగంతో నాలుగైదు రౌండ్లు తిరిగి వచ్చి ఆర్మ్ బోల్టులు, టై రాడ్ లాక్ నట్లు రెంచ్ పెట్టి చూడండి. కొత్త బుష్‌లు కుదురుకునేటప్పుడు ఇవి వదులవుతాయి. టైరు దేనికీ రాసుకోవట్లేదని, హ్యాండిల్ చివరిదాకా తిప్పినా బ్రేక్ లైన్ లాగట్లేదని నిర్ధారించుకున్నాకే జంప్‌ల జోలికి వెళ్లండి.